ఎనిమిదొందల తొంబై ఒక్కటి

చండూరు సంత దాటినంక ఆటో దిగి
పటం సంచి నెత్తిన పెట్టుకొని వచ్చిండు
గడ్డం ఇస్తారి.
నాలుగేండ్లకోసారి వస్తడు,
మా వాడోళ్ల పుట్టుపూర్వం సెప్పి
గింజలో పైసలో పట్కపోతడు.
ఈసారి గింజలంటె రేషన్ బియ్యమే,
అవి గూడ దొడ్డువి.

కృష్ణ నీళ్ల ట్యాంకు నీడల పటం ఇప్పిండు.
మీదికెల్లి కిందికి, చుట్ట ఇప్పుకుంట,
కట్టె కొస బొమ్మ బొమ్మకూ తాకిచ్చుకుంట:
“ఆదిముత్తడు, భూమి తడి ఆరకముందు పుట్టినోడు,
తొమ్మిదొందల ఏండ్లు బతికిండు.
ఆయన కొడుకు తంగేడు రాజు,
ఏడొందల డెబ్బై.
ఆయన కొడుకు గవ్వలయ్య, ఐదొందల నలభై,
పండ్లు మూడుసార్లు ఊడి మూడుసార్లు మొలిసినై.”

పండ్లు అనంగనే నవ్విండ్రు ముందట కూసున్నోళ్లు.
మా ఊర్ల నవ్వితే గార కనవడ్తది,
బోరునీళ్లు తాగి పెరిగిన నోళ్లు.
ముప్పై రెండేండ్ల పెద్దులు
గోడ పట్టుకొని లేసిండు.
వాని మోకాళ్లకు నూటిరవై దాటింది.

నేను పంచాయతి ఆఫీసుల కారోబారును.
పుట్టుక ఒక రిజిస్టరు, సావు ఒక రిజిస్టరు.
పింఛనుకు వచ్చినోళ్లందరూ
జనవరి ఒకటో తారీకు పుట్టినోళ్లే.
ఏడు ఏది రాయాలె అంటె
“నీకెంత తోస్తె గంత ఏసుకో బిడ్డా” అంటది చిన్నవ్వ.
అంకెలెట్ల పుడ్తయో నాకు ఎరుకే.
అందుకే రాత్రి, ఇస్తారి బీడీ ముట్టించినంక, అడిగిన:
“తొమ్మిదొందలెట్ల బతుకుతడు తాతా, మనిషి?”

కోపానికి రాలె. చాలాసేపు మాట్లాడలె.
పటం మళ్ల జానెడు ఇప్పి
ఆదిముత్తని కాళ్ల కింద ఏలు పెట్టిండు.
ఆడ బట్ట అతుకు. సూది కుట్లు.
“మా తాతల నాడు ఎలుకలు కొట్టినై ఈడ.
మూరెడు పోయింది.
మూరెడంటె ఎందరు మనుషులో!
పేర్లు మర్సిపోయినం. ఏండ్లు యాదికున్నయ్.
ఏండ్లను పారబోస్తమా?
మిగిలినోని నెత్తిన పెట్టినం.

ఆయనొక్కని బతుకు గాదు బిడ్డా అది.
పేరు దొరకని ముప్పై మంది.”

లెక్క గట్టిన, అలవాటు చొప్పున.
ముప్పై మంది. అందుల ఆడోళ్లెందరు?
పటంల యాడ లేరు గదా ఆడోళ్లు,
అందరూ గడ్డాలోళ్లే, కొడుకుల్ని కన్నోళ్లే.
పురిట్ల పోయినోళ్లు, గత్తరకు పోయినోళ్లు,
పేరు పెట్టకముందే పోయిన పిల్లలు,
వాళ్లయి ఏండ్లు గూడ గావు, పూటలు.
ఆ పూటలన్నీ
ఒక ముసలోని గడ్డంల తెల్లగయినయ్.

నాకొక చెల్లె ఉండె. సుక్కమ్మ.
కాళ్లు వంకరబోతే బడికి నేనే ఎత్తుకపోయేటోన్ని.
నా ఈపు మీద కూసోని ఎక్కాలు సదివేది,
పదమూడో ఎక్కం కాడ ఎప్పుడూ తప్పేది.
ఆమె పోయిన నాడు రిజిస్టరు నా చేతిల లేదు.
ఎవలూ రాయలె.

“తాతా, ఒక మాట.
మీ ఆదిముత్తడు తొమ్మిదేండ్లు ఇస్తడా?”

ఎందుకని అడగలె.
పేరడిగిండు. ఏమేం వచ్చునని అడిగిండు.
బీడీ నేలకు రుద్ది,
“ఇస్తడు తియ్, ఆయనయి గావు గదా” అన్నడు.
తెల్లారేసరికి దేవరకొండ దిక్కు పోయిండు.

నాలుగేండ్లకు ఇస్తారి రాలె, కొడుకొచ్చిండు,
జేబుల సెల్‌ఫోను మోగుతనే ఉన్నది.
అదే పటం. అదే కట్టె.
“ఆదిముత్తడు, భూమి తడి ఆరకముందు పుట్టినోడు,
ఎనిమిదొందల తొంబై ఒక్క ఏండ్లు బతికిండు.”
ఎవలూ ఉలిక్కిపడలె.
గంత దూరం లెక్క ఎవలు వెడ్తరు?

కట్టె కొస కిందికి జారి
అతుకు మీద ఆగింది.
ఆడ బొమ్మ లేదు, ఉత్త బట్ట.
“సుక్కమ్మ” అన్నడు.
“తొమ్మిదేండ్లు.
పదమూడో ఎక్కం దాంక ఎరిగినామె.”

ఆ ఎనక తంగేడు రాజు,
ఏడొందల డెబ్బై.